ఆక్యుపంక్చర్ సూదులంటే భయమా? మొదటిసారి పోయేవారికి నాలుగు మాటలు

పుంగనూరు: టమోటా తోటలో పొద్దంతా నడుము వంచి కాయలు కోసే ఆడమనిషిని అడిగి చూడండి. చింతపండు కొట్టే రోజుల్లో కాళ్ళు ముడుచుకుని గంటల తరబడి కూర్చునే ముసలమ్మను అడిగి చూడండి. పాల క్యాన్లు మోసే మగమనిషినైనా సరే. నడుమో, మోకాలో, మెడో, ఏదో ఒకటి నొస్తూనే ఉంటుంది. ఊళ్ళో సూది వేయించుకుంటే రెండు రోజులు హాయి, మూడోరోజు మళ్ళీ మొదలు. మందుల అంగట్లో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు చెడతాయి. ఈ సంగతి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నొప్పి ఓర్వలేక జనం మింగుతూనే ఉన్నారు.

సరిగ్గా ఇటువంటి సమయంలోనే ఎవరో ఒకరు చెవిన వేస్తారు. "మందు లేని సూదులంట, చైనా వైద్యమంట. పలానా ఊర్లో చేస్తాండారంట, పోయి చూడరాదా?" అని. పోవాలా, వద్దా? పోతే అక్కడ ఏం చేస్తారు? ఎంత నొస్తుంది? ఎన్నిసార్లు పోవాలి? మన పల్లెల్లో ఈ ప్రశ్నలు అడిగేవారు చాలామంది ఉన్నారు.

గత ఏడాది మా పెద్దమ్మకు మోకాళ్ళు పట్టుకుపోయి, ఆమెను వెంటబెట్టుకుని ఒక పట్టణంలోని ఆక్యుపంక్చర్ వైద్యుని దగ్గరకు ఎనిమిదిసార్లు తిరగవలసి వచ్చింది. ఆ తిరుగుళ్ళలో చూసింది, ఆ వైద్యం గురించి చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాం.

చైనా సూది మన దేశానికి ఎట్లా వచ్చింది?

లాటిన్ భాషలో 'ఆకుస్' అంటే సూది. గుచ్చడాన్ని 'పంక్చురా' అంటారు. ఆ రెండూ కలిసి ఆక్యుపంక్చర్ అయింది. చైనావారు మాత్రం దీనిని 'జెన్ జియు' అంటారు. అంటే సూది గుచ్చడం, కాక పెట్టడం అని. రెండూ కలిపితేనే వారికి పూర్తి వైద్యం. ఆ కాక పెట్టే సంగతి తర్వాత చెబుతాం, అందులో మనవారికి బాగా తెలిసిన ఆకు ఒకటి ఉంది.

ఈ వైద్యం రెండు వేల ఏళ్ళకు పైబడినది. మన దేశానికి వచ్చిన దారి మాత్రం కొత్తది, వినదగినది. 1937లో జపాను చైనా మీద దండెత్తింది. గాయపడిన సైనికులకు వైద్యం చేసే దిక్కులేక, వైద్యులను పంపమని చైనా సేనాని చూ తే జవహర్‌లాల్ నెహ్రూను కోరారు. సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షులుగా ఉన్న 1938లో ఐదుగురు డాక్టర్ల బృందం ఓడ ఎక్కింది. వారిలో షోలాపూరుకు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ అక్కడే పనిచేస్తూ 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ళకే కన్నుమూశారు. ఆయన కథను శాంతారాం 1946లో సినిమాగా తీశారు. పాతతరం వారికి గుర్తుండవచ్చు.

ఆ ఐదుగురిలో మరొకరు కలకత్తాకు చెందిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు. ఆయన బతికి తిరిగివచ్చారు. 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి, ఈ సూదుల వైద్యం నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. మన దేశంలో ఆక్యుపంక్చర్‌కు అదే నాంది. అందుకే బెంగాల్‌లో ఇది బాగా వేళ్ళూనుకుంది. ఆ రాష్ట్రం 1996లోనే దీనికి ప్రత్యేకంగా చట్టం చేసింది. పంజాబులోని లూధియానాలో కోట్నీస్ పేరుతోనే ఒక ఆక్యుపంక్చర్ ఆసుపత్రి నడుస్తోంది. కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో దీనిని విడిగా ఒక చికిత్సా విధానంగా గుర్తించింది.

అమెరికాకు తెలిసిన కథ వేరు. 1971 జూలైలో జేమ్స్ రెస్టన్ అనే పేరుమోసిన పత్రికా విలేకరి చైనా వెళ్ళి, అక్కడ అపెండిక్స్ నొప్పితో ఆసుపత్రి పాలయ్యాడు. ఆపరేషన్ తర్వాత కడుపు ఉబ్బరంతో బాధపడుతుంటే మోచేతిలోను, మోకాళ్ళ కింద సూదులు గుచ్చారు. ఉబ్బరం తగ్గింది. అక్కడ ఉండగానే ఆ సంగతి తన పత్రికలో రాశాడు. దానితో అక్కడ సూదుల మోజు మొదలైంది. మత్తు లేకుండా సూదులతోనే ఆయనకు కడుపు కోశారని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. ఆపరేషన్ మామూలు మత్తుమందుతోనే చేశారు, సూదులు తర్వాత వచ్చాయి. ఏ వైద్యం గురించైనా ఒక నిజం నాలుగు నోళ్ళు తిరిగితే ఇట్లాగే పెరుగుతుంది.

మరికొందరు ఇది అసలు మన సుశ్రుతుడిదే, చైనావారు పట్టుకుపోయారు అంటారు. సుశ్రుత సంహితలో 107 మర్మస్థానాలు చెప్పిన మాట వాస్తవమే. కాని అక్కడ దెబ్బ తగలకుండా కాపాడుకోమన్నాడే తప్ప, సూది గుచ్చమనలేదు.

పోయేముందు

మా పెద్దమ్మ మొదటిరోజు పరగడుపున బయలుదేరింది. రక్తపరీక్షకు పోయినట్టు. అది పొరపాటు. ఖాళీ కడుపుతో సూదులు పెట్టించుకుంటే కళ్ళు తిరిగి పడిపోయే అవకాశం ఎక్కువ. గంటా రెండు గంటల ముందు ఏదో ఒకటి తిని పోవాలి. అట్లని పొట్ట పగిలేట్టు సంగటి తిని వెంటనే పడుకోవడమూ మంచిది కాదు. మందు తాగి పోతే వైద్యుడు వెనక్కి పంపుతాడు, పంపాలి కూడా.

బట్టల సంగతి ఆడవారు ముందే ఆలోచించుకోవాలి. మోకాలి దాకా, మోచేతి దాకా సులువుగా పైకి జరుపుకోగల వదులు బట్టలు కట్టుకుంటే సిగ్గుపడే పని ఉండదు. నడుముకో, భుజానికో సూదులు పెట్టవలసి వస్తే ఆ మేరకు బట్ట తొలగిస్తారు. వైద్యుడు మగవాడైతే ఇంటి ఆడమనిషి ఎవరైనా పక్కన ఉంటామని అడగవచ్చు. కాదనే చోట పడుకోనవసరం లేదు.

వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని పోవాలి. పాత చీటీలు, ఎక్స్‌రేలు ఉంటే అవీ. ఇది లాంఛనం కాదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి సూది గుచ్చినచోట రక్తం ఆగక కమిలిపోవచ్చు. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవారికి సూదులకు కరెంటు తగిలించే పద్ధతి పనికిరాదు. కడుపుతో ఉన్నవారు ఆ మాట మొట్టమొదటే చెప్పాలి, నెల తప్పి నాలుగు రోజులే అయినా సరే. చక్కెర జబ్బుతో అరికాళ్ళు మొద్దుబారినవారు, మూర్ఛలు వచ్చేవారు, గతంలో ఇంజెక్షన్ చూసి కళ్ళు తిరిగినవారు, వీరంతా దాచకుండా చెప్పాలి. పచ్చకామెర్ల చరిత్ర ఉన్నా చెప్పాలి.

అక్కడ ఏం చేస్తారు?

మొదటిరోజు సూదుల కంటే మాటలే ఎక్కువ. నొప్పి ఎప్పుడు మొదలైంది, పొద్దున లేచినప్పుడు ఎక్కువా, సాయంత్రమా, మెట్లు దిగేటప్పుడా, నిద్ర పడుతుందా, ఆకలి ఎట్లా ఉంది, విరేచనం ఎట్లా ఉంది, చలి ఓర్వలేరా, వేడి ఓర్వలేరా అని అడుగుతారు. నాలుక చాపమంటారు. రెండు చేతుల నాడీ పట్టి చూస్తారు. చైనావారి లెక్క ప్రకారం ఒంట్లో 'చీ' అనే శక్తి కొన్ని దారుల వెంట పారుతుంటుంది. మడవలో చెత్త అడ్డుపడి నీరు పారనట్టు, ఆ దారి అడ్డుపడినచోట నొప్పి పుడుతుంది. సూదితో ఆ అడ్డు తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న లెక్కలో ఇటువంటి స్థానాలు 361 ఉన్నాయి. శవాన్ని కోసి చూసినవారికి ఈ దారులు ఎక్కడా కనపడలేదు. నేటి శాస్త్రం చెప్పేది వేరు. సూది గుచ్చినచోట నరాలు కదిలి, మెదడులోను వెన్నుపాములోను నొప్పిని అణచే పదార్థాలు ఊరుతాయని 1970ల నుంచి పరిశోధనలు జరుగుతున్నాయి. రెండింటిలో ఏది నమ్మినా సూది గుచ్చే చోటు చాలాసార్లు ఒకటే.

"నాలుక చూసి మోకాలి నొప్పి ఎట్లా చెప్తారు నాయనా?" అని మా పెద్దమ్మ వైద్యుణ్ణి నిలదీసింది. ఆయన నవ్వి, "చెప్పేది మోకాలి గురించి కాదమ్మా, మీ గురించి" అన్నాడు. ఆమెకు ఆ జవాబు నచ్చినట్టు లేదు.

తర్వాత మంచం మీద పడుకోమన్నారు. దూదితో స్పిరిట్ రాశారు. ఇక సూది. ఇక్కడే అందరి భయం. మనకు తెలిసిన ఇంజెక్షన్ సూది లోపల బోలుగా ఉంటుంది, మందు దిగాలి కాబట్టి లావుగా ఉంటుంది. ఆక్యుపంక్చర్ సూది బోలు కాదు, నిండు తీగ. మందమంతా కలిపి పావు మిల్లీమీటరు ఉంటుంది. ఇంజెక్షన్ సూది దానికి రెండింతలకు పైనే. చాలాచోట్ల సన్నని గొట్టంలో సూది పెట్టి, పైన వేలితో టక్కున తడతారు. చీమ కుట్టినట్టు ఉంటుంది. ఒక్కోచోట అదీ తెలియదు. వేళ్ళ చివర, అరికాలిలో పెడితే మాత్రం బాగానే తెలుస్తుంది. లేదని అబద్ధం చెప్పి ఉపయోగం లేదు.

సూది దిగాక వైద్యుడు దాన్ని కొద్దిగా తిప్పుతాడు. అప్పుడు వచ్చేది నొప్పి కాదు, వేరే ఒక బాధ. బరువెక్కినట్టు, జివ్వున లాగినట్టు, తిమ్మిరి పట్టినట్టు, లోపల ఏదో పాకినట్టు ఉంటుంది. చైనావారు దీనిని మంచి గుర్తుగా చూస్తారు. మా పెద్దమ్మకు మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో, ఎముకకు బయటిపక్క పెట్టిన సూది దగ్గర ఈ లాగుడు పాదం దాకా పోయింది. "కరెంటు పెట్టినారా?" అని కేకవేసింది. ఆ చోటును చైనా భాషలో 'జుసాన్‌లీ' అంటారు. రెస్టన్‌కు మోకాళ్ళ కింద గుచ్చినది కూడా ఆ ప్రాంతంలోనే. లాగుడు వేరు, భరించలేని మంటపోటు వేరు. కత్తితో కోసినట్టు నొప్పి వస్తే ఓర్చుకోకూడదు, వెంటనే చెప్పాలి. సూదిని కొంచెం వెనక్కి తీస్తే పోతుంది.

సాధారణంగా ఒకసారికి ఆరు నుంచి పదిహేను సూదులు పెడతారు. మోకాలి నొప్పికి చేతిలోను, చెవిలోను గుచ్చినా ఆశ్చర్యపోవద్దు. ఇరవై నిమిషాలు, అరగంట అట్లాగే పడుకోవాలి. కదలకూడదు. దగ్గు వచ్చేట్టుంటే ముందే పిలవాలి. కొన్నిచోట్ల సూదులకు సన్న తీగలు తగిలించి చిన్న యంత్రంతో కొద్దిపాటి కరెంటు ఇస్తారు. కండ టకటకా కొట్టుకుంటుంది. అదీ ఓర్చుకోగలిగినంతే ఉండాలి. చాలామందికి ఈ అరగంటలో నిద్ర పడుతుంది. మా పెద్దమ్మ గురక పెట్టింది.

సూదులు తీసేటప్పుడు ఒక పని చేయాలి. ఎన్ని పెట్టారో లెక్కపెట్టుకోవాలి, అన్నీ తీశారో లేదో చూడాలి. తలలో, మడమ పక్కన పెట్టినవి మరిచిపోవడం ఎక్కడైనా జరిగేదే. మాకూ మూడోసారి అట్లాగే అయింది. లేచి చెప్పులు వేసుకుంటుంటే చీలమండ దగ్గర ఒకటి మిగిలి ఉంది. పెద్దమ్మే చూసి, "ఇది మీది, పెట్టుకోండి" అని ఇచ్చింది.

తీసినచోట ఒక్కోసారి రక్తపు బొట్టు వస్తుంది, చిన్న కమురు పడుతుంది. ఆ రోజంతా మగతగా ఉండవచ్చు. అందుకని మోటారు సైకిలు నడుపుకుంటూ ఒంటరిగా పోకపోవడం మంచిది. కొందరికి మరుసటి రోజు నొప్పి కాస్త పెరిగి తర్వాత తగ్గుతుంది.

మాచిపత్రి వాసన

రెండోసారి పోయినప్పుడు గదిలో ఏదో పొగ. మా పెద్దమ్మ ముక్కు ఎగబీల్చి, "ఇది వినాయకుడి పత్రి గదా!" అంది. నిజమే. చైనావారు 'మోక్సా' పేరుతో కాక పెట్టేది మన మాచిపత్రి జాతి ఆకుతోనే. వినాయక చవితినాడు 21 పత్రులలో మొదట వేసేది మాచీపత్రం. దానిని ఎండబెట్టి, నలిపి, పొట్టు తీసేస్తే దూది వంటి నార మిగులుతుంది. దాన్ని చుట్టలా చుట్టి, కొస వెలిగించి, చర్మానికి తగలకుండా రెండు అంగుళాల ఎడంలో తిప్పుతారు. చర్మం వెచ్చబడి ఎర్రబారేదాకా. హాయిగానే ఉంటుంది.

మన పల్లెల్లో వాతలు పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. పసిపిల్లల పొట్ట మీద సైతం కాల్చిన గాజుతో, పసుపు కొమ్ముతో చురకలు పెడతారు. ఈ కాక అటువంటిది కాదు. బొబ్బ లేచిందంటే పని చెడిందన్నమాట. చక్కెర జబ్బుతో కాళ్ళు మొద్దుబారినవారు అసలు ఒప్పుకోకూడదు. కాలినా తెలియదు, పుండు పడితే మానదు.

మాత్రలు మానమన్న మాట

ఇప్పుడు చెప్పబోయేదే ముఖ్యం. మా పెద్దమ్మకు పదేళ్ళుగా చక్కెర జబ్బు. నాలుగోసారి పోయి వచ్చాక ఆమె మాత్రల డబ్బా తెరవడం లేదని మా వదిన గమనించింది. ఏమని అడిగితే మొదట చెప్పలేదు. తర్వాత బయటపడింది. అక్కడ వరుసలో కూర్చున్నప్పుడు ఒకాయన, "ఈ సూదులు పెట్టించుకునేవాళ్ళు ఇంగ్లీషు మాత్రలు మింగగూడదు, మింగితే గుణం రాదు" అన్నాడట. లోపల పనిచేసే మనిషి కూడా అవునన్నాడట. ఆమె నమ్మింది. తొమ్మిది రోజులు మాత్ర వేసుకోలేదు. నోరు ఎండిపోతోందని, రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నానని చెప్పినా, సూదుల గుణం కాబోలు అనుకున్నాం. రక్తపరీక్ష చేయిస్తే చక్కెర 380 దాటింది.

వైద్యుణ్ణి అడిగితే తాను ఆ మాట చెప్పలేదన్నాడు. నిజమే కావచ్చు. కాని గోడ మీద ఒక్క కాగితం అంటించి, 'మీ మాత్రలు మానవద్దు' అని రాసి ఉంటే పోయేది. తర్వాత రాశారు.

మన పొరుగు రాష్ట్రాల్లోను, మన దగ్గరా మందే వద్దనే ప్రచారకులు ఉన్నారు. కొందరు సూది కూడా లేకుండా వేలితో తాకి చక్కెర, రక్తపోటు, క్యాన్సరు అన్నీ కుదురుస్తామంటారు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. చక్కెరకు, రక్తపోటుకు, మూర్ఛకు, థైరాయిడ్‌కు, గుండెకు వేసుకునే మాత్రలు ఆ మాత్రలు రాసిన డాక్టరు చెబితే తప్ప ఆపకూడదు. ఇన్సులిన్ ఆపితే రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. క్షయ మందులు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది. పాముకాటు, కుక్కకాటు, ఛాతీ నొప్పి, పక్షవాతం వచ్చిన తొలి గంటలు, వీటికి సూదుల వైద్యుని గడప తొక్కి కాలం పోగొట్టుకోకూడదు.

నడుము నొప్పి అయినా అన్నీ ఒకటి కాదు. సాయంత్రం పూట జ్వరం, ఒళ్ళు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే అది వెన్నెముక క్షయ కావచ్చు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ ఆసుపత్రి ఉన్న ప్రాంతం మనది. ఈ జబ్బు ముఖం ఎరగనివాళ్ళం కాదు. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, మూత్రం తెలియకుండా పోవడం వంటివి కనపడితే ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. ముందు జబ్బు ఏమిటో తేలాలి, సూది సంగతి తర్వాత.

గుణం ఎంత?

ఇక అసలు ప్రశ్న. జర్మనీలో ఏళ్ళతరబడి నడుము నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చైనా లెక్క ప్రకారం సరైన చోట సూదులు పెట్టారు. రెండో గుంపుకు ఏదో ఒకచోట పైపైన గుచ్చారు. మూడో గుంపుకు మామూలు మందులు, వ్యాయామం ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే సరైన చోట గుచ్చినవారిలో నూటికి 47 మందికి పైగా, ఎక్కడో ఒకచోట గుచ్చినవారిలో 44 మందికి, మామూలు వైద్యం పొందినవారిలో 27 మందికి మేలు కనపడింది. 2007లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

దీని అర్థం ఎవరికి వారు తీసుకున్నారు. సూదులు మందుల కంటే మేలు అని కొందరు, ఎక్కడ గుచ్చినా ఒకటే అయితే ఆ 361 స్థానాల శాస్త్రం ఏమైనట్టు అని కొందరు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. తర్వాత 2018లో ఇరవై వేలమందికి పైగా రోగుల వివరాలు కలిపి చూసినప్పుడు, దొంగసూది కంటే అసలు సూది కొంచెం మెరుగేనని, అసలు సూదులు పెట్టించుకోనివారి కంటే బాగా మెరుగని తేలింది. పక్కన ఒక మనిషి అరగంట కూర్చుని కష్టసుఖాలు అడగడం వల్ల వచ్చే మేలు కూడా ఆ లెక్కలో కలిసే ఉంటుంది. మన ఆసుపత్రుల్లో అది దొరకక ఎన్నేళ్ళయింది?

దేశాల తీర్పులూ ఒక్కతీరుగా లేవు. అమెరికా ప్రభుత్వపు వృద్ధుల బీమా 2020 నుంచి పాత నడుము నొప్పికి 90 రోజుల్లో 12 సార్లు సూదుల ఖర్చు భరిస్తోంది. గుణం కనపడితేనే మరో 8 సార్లు ఇస్తారు. బ్రిటన్‌లో అరతలనొప్పికి దీనిని 2012లో ఒప్పుకున్నారు. మోకీళ్ళ అరుగుదలకు మాత్రం 2022లో వద్దన్నారు. ఖర్చుకు తగిన ఫలితం లేదని వారి లెక్క. క్యాన్సరు మందుల వల్ల వచ్చే వాంతులకు మణికట్టు దగ్గరి ఒక స్థానంలో గుచ్చితే ఉపయోగమని 1997లోనే అమెరికా నిపుణులు చెప్పారు. చక్కెర తగ్గుతుందని, పిల్లలు పుడతారని, చూపు వస్తుందని చెప్పేవాటికి ఇంత ఆధారం లేదు.

కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు, అయితే కొలిచి పెట్టుకోవాలి. మొదటి రోజే నొప్పి ఎగిరిపోతుందని అనుకోవద్దు. వారానికి ఒకటి రెండు చొప్పున ఆరు నుంచి పది సార్లు పడుతుంది. ఆరుసార్లు పోయినా వీసమెత్తు తేడా లేకపోతే నిలిపేయడమే మంచిది. ముందుగానే ముప్పైసార్లకు డబ్బు కట్టమనే చోట కట్టవద్దు. ఫీజు ఒక్కటే లెక్క కాదు. బస్సు చార్జీ, పోయినరోజు కూలి, తోడు వచ్చినవారి కూలి, అన్నీ కలిపి చూడాలి. మాకు ఫీజు కంటే ఈ పైఖర్చే ఎక్కువైంది.

సూది ఎవరు పెడుతున్నారు?

బోర్డు మీద డాక్టర్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎక్కడ చదివారు, ఎన్నాళ్ళు చదివారు అని అడగడం తప్పు కాదు. ఎం.బి.బి.ఎస్. చదివి తర్వాత ఇది నేర్చుకున్నవారు ఉన్నారు. ప్రకృతి వైద్యంలో ఐదున్నరేళ్ళ డిగ్రీ చేసినవారికి ఇది చదువులో భాగం. నాలుగు వారాంతాల శిక్షణతో సర్టిఫికెట్ గోడకు తగిలించినవారూ ఉన్నారు. ఒంటి నిర్మాణం తెలియనివాడి చేతిలో ఇంత సన్నని సూది కూడా ప్రమాదమే. ఛాతీ, భుజాలు, మెడ కింద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కాని ఉన్నాయి. అక్కడ సూదులు పెట్టించుకున్న రోజున గానీ మరునాడు గానీ ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పోయి, సూదులు పెట్టించుకున్న మాట చెప్పి ఎక్స్‌రే తీయించుకోవాలి.

నేర్చినవారి చేతిలో ఇది క్షేమమైన వైద్యమే. బ్రిటన్‌లో 2001లో ముప్పై నాలుగు వేల పైచిలుకు చికిత్సలను గమనిస్తే ఒక్క పెద్ద ప్రమాదమూ జరగలేదు. కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, కమిలిపోవడం వంటి చిన్నవే కనిపించాయి.

అన్నిటికంటే పట్టుగా అడగవలసింది కొత్త సూది. మూసిన పొట్లం మన కళ్ళ ముందు చించాలి. ఒకరికి వాడిన సూది స్పిరిట్‌లో ముంచి మరొకరికి పెడితే కామెర్ల వైరస్, ఎయిడ్స్ వైరస్ అంటుకుంటాయి. స్పిరిట్ వాటిని నమ్మకంగా చంపలేదు. "ఇవి మీ పేరుతో విడిగా దాచిపెడతాం" అనేవారు కొందరు. దాచిన డబ్బా మారదని ఎవరు హామీ? వాడిన సూదులు అక్కడే గట్టి డబ్బాలో పడాలి. చెత్తబుట్టలో వేస్తే పొద్దున్నే ఊడ్చే మనిషి చేతికి గుచ్చుకుంటాయి. కొత్త సూది అడిగితే చిరాకుపడే చోటు నుంచి లేచి వచ్చేయండి.

మా పెద్దమ్మ సంగతి చెప్పి ముగిస్తాం. ఎనిమిదిసార్లు పోయాక కుడి మోకాలు చాలా మేలయింది. ఎడమది అట్లాగే ఉంది. ఎక్స్‌రేలో అరుగుదల ఎక్కువగా ఉన్నదీ ఆ ఎడమ మోకాలే. రాత్రి నిద్ర పడుతోంది, నొప్పి మాత్రలు వారానికి రెండుకు తగ్గాయి. చక్కెర మాత్రలు మళ్ళీ మొదలుపెట్టింది. వైద్యుడు ఇంకో ఐదుసార్లు రమ్మన్నాడు. "టమోటా కోతకు వచ్చింది, ఇంగ కుదరదు నాయనా" అని ఆమే చెప్పి వచ్చేసింది. కూర్చుని తొడ కండ బిగించే ఒక కసరత్తు అక్కడ నేర్పారు. అది మాత్రం రోజూ పొయ్యి దగ్గర పీట వదిలి కుర్చీ మీద కూర్చుని చేస్తోంది. మోకాలికి మేలు చేసింది సూదులా, కసరత్తా, పీట మానడమా అని అడిగితే, "ఏదైతేనేం, లేచి నిలబడతాండా గదా" అంటోంది.